ద్రాక్షాసవపు మరక

రాజుల పట్టాభిషేకములను, యుద్ధములను, సంధిపత్రములను గూర్చి వ్రాసిన చరిత్రకారులు విందు ముగిసిన మరునాటి ఉదయమును గూర్చి సాధారణముగా వ్రాయరు. ఆ ఉదయమున భోజనపు బల్లపై పరచిన తెల్లని గుడ్డను ఎవరో ఒకరు మడిచి నీటియొద్దకు తీసికొని పోవలసి యుండును. దానిమీద ఎఱ్ఱని ద్రాక్షాసవము ఒలికి ఎండిన మచ్చ యుండును. ఆ మచ్చను పోగొట్టుటకు పశ్చిమ దేశములవారు రెండువేల యేండ్లుగా పడిన పాట్లు చెప్పదగినవి. ఆ కథలో రోమనుల మూత్రపు తొట్లు ఉన్నవి. హాలెండు దేశపు పచ్చిక బయళ్ళు ఉన్నవి. ఉరికంబము కూడ ఉన్నది.

మన దేశమున ద్రాక్షాసవము ఇంటింట త్రాగు పానీయము కాదు. అయినను ఈ మరక మనకు క్రొత్తది కాదు. తొలకరి వానలనాడు నేరేడుచెట్టు క్రింద ఆడుకొని వచ్చిన పిల్లవాని చొక్కాను చూచిన తల్లికి దీని స్వభావమును వేరుగ వివరింప నక్కరలేదు. నల్లద్రాక్ష తొక్కలోని రంగును, నేరేడుపండులోని రంగును ఒకే కుటుంబమునకు చెందినవి. 1835లో మార్క్వార్ట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ జాతి రంగులకు ఆంథోసయనిన్ అను పేరు పెట్టెను. గ్రీకు భాషలోని పువ్వు, నీలము అను రెండు మాటలను కలిపి ఆయన ఆ పేరు కూర్చెను.

రంగు ఒక్కటియే అయినచో ఈ మరక ఇంత మొండిది కాకపోవును. ఎఱ్ఱ ద్రాక్షాసవములో రంగుతోపాటు వగరు కూడ ఉండును. ద్రాక్ష తొక్కనుండియు గింజనుండియు దిగిన టానినే ఆ వగరు. మన కలంకారీ పనివారు రంగు వేయుటకు ముందు బట్టను కరక్కాయ రసములో ఎందుకు ముంచుదురో తెలిసినవారికి ఇందలి మర్మము బోధపడును. కరక్కాయలోని వగరు నూలుపోగును పట్టుకొనును, తరువాత వచ్చిన ఇనుపనీటినో పటికనో తాను పట్టి నిలుపును. కలంకారీవాడు శ్రమపడి చేయు ఈ పనిని ద్రాక్షాసవము పిలువకయే చేయును. అది తన రంగును, తన కరక్కాయను వెంటబెట్టుకొనియే వచ్చును. పైగా గాలి సోకినకొలదియు రంగును వగరును ఒకదానితో నొకటి పెనవేసికొనును. అందువలననే నిన్నటి మరక ఎఱ్ఱగాను, నెలనాటి మరక గోధుమవన్నెగాను కనబడును. ఆ రెండవదానిని వదలించుట మొదటిదానికంటె ఎంతయో కష్టము.

ఈ మరకపై సబ్బు రుద్దినవారు మరియొక వింతను చూచియుందురు. ఎఱ్ఱని మచ్చ చూచుచుండగనే నీలమై, ఒక్కొక్కప్పుడు ఆకుపచ్చని మసక రంగునకు తిరుగును. ఈ మార్పును శాస్త్రరీత్యా పరిశీలించినవాడు రాబర్ట్ బాయిల్. 1664లో రంగులను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఆయన వయొలెట్ పూల పానకము ఆమ్లము తగిలినచో ఎఱ్ఱబడుననియు, క్షారము తగిలినచో పచ్చబడుననియు వివరించెను. సబ్బు క్షారము. ద్రాక్షాసవము ఆమ్లము. కావున సబ్బు తగిలిన మరక పోయినదని గాని, పెరిగినదని గాని తలపరాదు. అది వేషము మార్చినది, అంతే. ఈ వేషమును చూచి భయపడి మరింత సబ్బును, మరింత వేడినీటిని ప్రయోగించిన గృహిణులు ఎన్ని మంచి బట్టలను పాడుచేసికొనిరో లెక్క లేదు.

ఇక పూర్వకాలపు సాధనములను చూతము. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలై పాంపేయీ నగరమును బూడిదలో కప్పివేసెను. ఆ బూడిదను త్రవ్వి తీసినప్పుడు రజకుల కర్మశాలలు కొన్ని చెక్కుచెదరక బయటపడినవి. ఒకదానియందలి స్తంభముపై వారి పని యంతయు చిత్రింపబడి యున్నది. ఆ చిత్రములు నేడు నేపుల్సు నగరపు ప్రదర్శనశాలలో ఉన్నవి. తొట్లలో నిలిచి కాళ్ళతో బట్టలను త్రొక్కుచున్న కుఱ్ఱవాండ్రు ఒకచోట కనబడుదురు. మరియొకచోట గంపవలె అల్లిన పెద్ద చట్రమును ఎత్తుకొని, చేత గంధకపు పాత్రను పట్టుకొని వచ్చు మనుష్యుడు కనబడును. తడిబట్టను ఆ చట్రముపై పరచి, క్రింద గంధకమును కాల్చుట వారి పద్ధతి.

తొట్లలో నుండినది నిలువచేసిన మూత్రము కలిపిన నీరు. మూత్రము నిలువయున్నచో అమ్మోనియా పుట్టును, అది జిడ్డును విడదీయును. ఈ వ్యాపారము ఎంత పెద్దదనగా వెస్పేసియను చక్రవర్తి దానిపై పన్ను విధించెను. ఇది నీచమని కుమారుడు ఆక్షేపింపగా, ఆ పన్నువలన వచ్చిన నాణెమును అతని ముక్కునకు దగ్గరగా పట్టి, వాసన వచ్చుచున్నదా యని తండ్రి అడిగెనని స్యూటోనియస్ వ్రాసెను. రజకులకు కీళ్ళవాతము రాదని జనులు చెప్పుకొందురనియు, మూత్రమే దానికి మందనియు ప్లినీ వ్రాసెను. ఆ ప్లినీ వెసూవియస్ పేలినప్పుడే మరణించెను. దినమంతయు ఆ నీటిలో నిలిచిన కాళ్ళకు ఏయే రోగములు వచ్చెనో చెప్పుటకు మాత్రము ఎవరును పూనుకొనలేదు.

ద్రాక్షాసవపు మరకకు మూత్రము తగిన మందు కాదు. అది క్షారము గనుక రంగును నీలము చేయునే గాని తీయదు. రోమనుల సాధనములలో ఈ మరకపై నిజముగ పనిచేయగలది గంధకపు పొగ. తడిసిన బట్టకు ఆ పొగ తగిలినచో ద్రాక్షరంగు వెలవెలబోవును. ఐరోపా గృహములలో 19వ శతాబ్దము వరకును ఈ ఉపాయమునే వాడిరి. మచ్చను తడిపి, దాని క్రింద గంధకపు పుల్లను వెలిగించి పట్టెడివారు. ద్రాక్షాసవమును చేయువారు పీపాలలో కాల్చు గంధకము కూడ ఇదే. కాని గంధకపు పొగ రంగును చంపదు, దాచును. కొన్నాళ్ళకు ఆ రంగు మరల తొంగిచూచుట కద్దు.

రంగును నిజముగ చంపగల శక్తి చాలకాలము ఒక్కదానికే యుండెను. అది ఎండ. తడి, గాలి, వెలుతురు మూడును కలిసి వృక్షజమగు రంగును మెల్లగ కాల్చివేయును. ఈ రహస్యము మన చాకిరేవులకు అనాదిగా తెలిసినదే. చవుటిమన్ను పట్టించి, ఉబ్బవేసి, ఇసుకతిన్నెపై పరచి, ఆరుచున్నకొలది నీళ్ళు చిలుకరించుట మన చలువవిద్య. కృష్ణాతీరమున కలంకారీ పనివారు కూడ బట్టను పేడనీటిలో నానవేసి, ఎండబెట్టి, తడిపి, మరల ఎండబెట్టి తెలుపు తెత్తురు. కోరమండల తీరమున ఈ పని జరుగు రీతిని 1742లో ఫ్రెంచి మతగురువు కూర్డో ఒక దీర్ఘలేఖలో ఐరోపావారికి వివరించెను. తెలుగు నేర్చి, తెలుగు–ఫ్రెంచి నిఘంటువును కూర్చిన పండితుడాయన.

ఆ కాలమున ఐరోపాకు చలువ రాజధాని హాలెండులోని హార్లెమ్ పట్టణము. స్కాట్లండునుండియు, జర్మనీనుండియు అవిసెనార బట్టలను అక్కడికి పంపెడివారు. వానిని బూడిదనీటిలో ఉడికించి, పచ్చికపై పరచి, తడిపి, మజ్జిగలో ఊరవేసి, మరల మొదటినుండి ఇదే వరుసను పలుమారులు చేసెడివారు. వసంతమున పోయిన బట్ట శరత్కాలమునకు గాని తిరిగి వచ్చెడిది కాదు. రయిస్‌డాల్ అను చిత్రకారుడు హార్లెమ్ పట్టణమును చిత్రించినప్పుడు, విశాలమగు ఆకాశము క్రింద, ముందుభాగమున పొడుగాటి తెల్లని గుడ్డలు పరచిన బయలును మరువక చూపెను. హేగు నగరమున ఆ చిత్రమును చూచువారు మేఘములను మెచ్చుకొందురు. క్రింద వంగి పనిచేయుచున్న చిన్నచిన్న మనుష్యులపై దృష్టి అంతగా నిలువదు.

ఆరునెలలు బట్టను బయట వదలినచో దొంగలు ఊరకుందురా? 18వ శతాబ్దమున ఇంగ్లండు, ఐర్లండు దేశములలో చలువబయలునుండి బట్ట దొంగిలించుట మరణదండనకు తగిన నేరము. గడ్డిమీది గుడ్డకు మనుష్యుని ప్రాణమంత విలువ కట్టిరి. ఇందలి చిత్రమేమనగా, ఆ శాసనము వలన బట్టల యజమానులకే మేలు కలుగలేదు. ఒక గుడ్డకొఱకు మనిషిని ఉరితీయుటకు మనసొప్పక జ్యూరీలు ముద్దాయిలను విడిచిపెట్టుచుండిరి. చివరకు చలువపని యజమానులే ఆ శిక్షను తీసివేయుడని పార్లమెంటునకు అర్జీ పెట్టుకొనిరి. శామ్యూల్ రొమిలీ కృషివలన 1811లో అది రద్దయ్యెను. ఇంగ్లండు నేరశిక్షల చరిత్ర వ్రాయువారు రొమిలీని కొనియాడుదురు. అది న్యాయమే. కాని ఆ నాటికి చలువపని బయళ్ళను వదలి ఇండ్లలోనికి చేరుచుండెననుట కూడ చెప్పవలసిన మాట.

ఇండ్లలోనికి చేర్చినది రసాయనశాస్త్రము. మొదటి అడుగు 1756లో పడినది. ఎడింబరోలోని ఫ్రాన్సిస్ హోమ్ అను వైద్యుడు మజ్జిగకు మారుగా పలుచని గంధకామ్లమును వాడవచ్చునని చూపెను. వారములు పట్టు ఊరవేత గంటలలో ముగిసెను. బర్మింగుహామున రోబక్ 1746లో సీసపు గదులలో గంధకామ్లమును చేయుట ప్రారంభించియుండుటచేత అది చవుకగ దొరకుచుండెను. అయినను ఎండ అవసరము తీరలేదు.

1774లో స్వీడను దేశమున షీలే అను మందుల వర్తకుడు మాంగనీసు ఖనిజముపై మ్యూరియాటిక్ ఆమ్లము పోసి ఊపిరాడనీయని పసుపుపచ్చని వాయువును పుట్టించెను. పువ్వులను, ఆకులను దానిలో నుంచగా వాని రంగు పోయెను. ఆమ్లము పోసినను క్షారము పోసినను ఆ రంగు తిరిగి రాలేదు. బాయిల్ చూచిన వేషము మార్పునకును, గంధకపు దాపరికమునకును, దీనికిని గల భేదమిదియే. ఇది రంగును చంపినది. ఆ వాయువునే 1810లో హంఫ్రీ డేవీ క్లోరిను అని పిలిచెను.

షీలే చూచిన వింతను వృత్తికి పనికివచ్చు విద్యగా మార్చినవాడు బెర్తొలే. ఆయన పారిసులోని గోబెలిన్ రాజకర్మశాలలో అద్దకపు పనులకు అధికారి. 1785లో ఈ వాయువుతో బట్టలను చలువ చేయవచ్చునని ఆయన ప్రకటించెను. ఆ వాయువులో ప్రాణవాయువు కలదని ఆయన నమ్మెను, అది తప్పు. రంగును చంపునది ప్రాణవాయువుతో కలయికయే యని కూడ ఆయన నమ్మెను, ఆ మాట నిలిచినది. అంతకంటె మేము మెచ్చుకొను విషయము మరియొకటి కలదు. ఆయన ఈ విద్యపై ఏ హక్కును కోరక, అడిగినవారికెల్ల చెప్పెను. పారిసునకు వచ్చిన జేమ్సు వాట్, ఆవిరియంత్రపు వాట్, దానిని చూచి గ్లాస్గోలో చలువపని చేయుచున్న తన మామగారికి వ్రాసి పంపెను. పారిసు చెంతనున్న జావెల్ అను గ్రామపు కర్మాగారమువారు ఆ వాయువును క్షారజలములో ఇమిడ్చి సీసాలలో అమ్మసాగిరి. నేటికిని ఫ్రాన్సు దేశపు ఇల్లాండ్రు చలువనీటిని జావెల్ నీరనియే పిలుతురు. 1799లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ టెనంట్ ఆ వాయువును పొడిసున్నమునకు పట్టించి బ్లీచింగు పౌడరును చేసి దానిపై హక్కు పొందెను.

ఇక్కడ షప్తాల్‌ను తలంపక ముందునకు పోజాలము. మోంపెలియేలో రసాయనశాస్త్రము బోధించిన ఈయన నెపోలియను కాలమున ఫ్రాన్సునకు ఆంతరంగిక మంత్రి. 1801లో ద్రాక్షతోటలను గూర్చియు, ద్రాక్షాసవము చేయు విధమును గూర్చియు గొప్ప గ్రంథమును వెలువరించెను. పులియుచున్న రసమునకు చక్కెర చేర్చు పద్ధతికి నేటికిని ఆయన పేరే చెప్పుదురు. 1808లో, మంత్రిపదవి దిగిన పిమ్మట, అద్దకము చేయుచు మరకలు తీయు పనివారికొఱకు రసాయనసూత్రములను వివరించుచు మరియొక పుస్తకము వ్రాసెను. ద్రాక్షాసవమును చేయుటయు, మరకలను తుడుచుటయు రెండును నేర్పిన మంత్రి లోకమున ఇంకొకడున్నాడో లేదో!

ఎండకు ఆరునెలలు పట్టిన పని పౌడరుతో కొలది దినములలో ముగియసాగెను. గ్లాస్గోలోని టెనంటు కర్మాగారము ఆ కాలపు అతి పెద్ద రసాయన కర్మాగారములలో ఒకటయ్యెను. 1842లో అక్కడ కట్టిన పొగగొట్టము సుమారు 435 అడుగులు. కాని కాలము మిగిలినచోట మరియొకటి ఖర్చయ్యెను. పొడిసున్నము పరచిన గదులలోనికి క్లోరినును వదలుదురు. సున్నము వాయువును పీల్చుకొనిన తరువాత కూలీలు లోనికి పోయి ఆ పొడిని పారలతో ఎత్తి పీపాలకు నింపవలెను. మూతికి ఉన్నిగుడ్డలు మడతలు మడతలుగా కట్టుకొని, కండ్లకు అద్దములు పెట్టుకొని వారా పని చేసిరి. 1897లో రాబర్ట్ షెరార్డ్ అను పత్రికా రచయిత ఇంగ్లండు కర్మాగారములలోని ఇట్టి కూలీల దుస్థితిని పుస్తకముగా ప్రకటించి, దానికి ఇంగ్లండు దేశపు తెల్లబానిసలని పేరు పెట్టెను. బల్లగుడ్డ తెల్లనగుటకు ఒకనాడు దొంగ మెడ వెలయైనది, తరువాత కూలీవాని ఊపిరితిత్తులు వెలయైనవి.

క్లోరినునకు మరియొక లోపము కలదు. నూలును, నారను అది తెల్లపరచును గాని ఉన్నిని, పట్టును కొరికివేయును. గాఢమైన జావెల్ నీటిలో ఉన్నిదారము కరగియే పోవును. తివాచీలు ఉన్నివి. కావున తివాచీమీది మరకకు చాలకాలము దిక్కు లేకపోయెను. దానికి మందు 1818లో పుట్టినది. పారిసులోని తెనార్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నీటిలో ఉండవలసిన దానికంటె ఎక్కువ ప్రాణవాయువు గల ద్రవమును కనుగొనెను. అదియే హైడ్రోజను పెరాక్సైడు. అది రంగును చంపి తాను మామూలు నీరుగా మిగులును. దానిని చవుకగా చేయుటకును, పొడిరూపమున నిలువచేయుటకును చాలకాలము పట్టినది. 1907లో జర్మనీలో హెంకెల్ సంస్థ సోడియము పెర్బొరేటును సబ్బుపొడిలో కలిపి పెర్సిల్ అను పేర అమ్మెను. పెర్బొరేటు, సిలికేటు అను మాటల తలలను కలిపి పెట్టిన పేరది. నేడు అంగళ్ళలో ఆక్సిజను పొడులని అమ్ముడగువానిలో ఎక్కువగా ఉండునది సోడియము పెర్‌కార్బొనేటు. నీటిలో కలిసినప్పుడు అదియు తెనార్ ద్రవమునే విడుచును.

చివరకు 1915వ సంవత్సరము. ద్రాక్షరంగును విడదీసి దాని నిర్మాణమును తెలిసికొనినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు రిచర్డ్ విల్‌స్టేటర్. వృక్షవర్ణములపై చేసిన కృషికి ఆయనకు ఆ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. ఆ ఏప్రిలు 22వ తేదీనే ఈప్రె యుద్ధరంగమున జర్మనులు శత్రువులపైకి క్లోరినును వదలిరి. అంతట ఇరుపక్షములవారికిని విషవాయువునుండి కాపాడు ముసుగులు కావలసివచ్చెను. జర్మను సైనికుల ముసుగునకు వాయువును వడకట్టు సాధనమును రూపొందించుటకు అదే విల్‌స్టేటర్‌ను నియోగించిరి. పూలరంగులను పరిశీలించు చేతులు ఆ రంగులను చంపు వాయువునకు అడ్డుకట్ట వేయవలసివచ్చెను.

ఇంటిలో ఈ మరక పడినప్పుడు ఏమి చేయవలెనని శ్రోతలు అడుగుదురు. వెంటనే ఉప్పు చల్లుట ఐరోపాలో పాత అలవాటు. ఉప్పు తడిని పీల్చును గాని రంగును చంపదు. తెల్ల ద్రాక్షాసవమును పైన పోయుట మరియొక ప్రసిద్ధమైన చిట్కా. అది పలుచన చేయుటయే గాని వేరు కాదు, ఆ పనికి మంచినీరు చాలును. మొదట మెత్తని గుడ్డతో అద్దవలెను. రుద్దినచో మరక పోగుల లోనికి దిగును. తరువాత చన్నీరు, ఆ వెనుక కొంచెము నిమ్మరసము గాని వెనిగరు గాని. ఆమ్లము తగిలినంతసేపు రంగు నీటితో పోవుటకు అనుకూలముగ ఉండును. మరక పోవువరకును ఇస్త్రీపెట్టెను దగ్గరకు రానీయరాదు. తెల్లని నూలుబట్ట అయినచో గోరువెచ్చని నీటిలో పెర్‌కార్బొనేటు పొడి కలిపి కొన్ని గంటలు నానవేసి, నీరెండలో ఆరవేయవచ్చును. నేరేడు మరకకును ఇదే చికిత్స.

జావెల్ నీటిని, అనగా నేడు మన అంగళ్ళలో దొరకు బ్లీచింగు ద్రవమును, వెనిగరుతో గాని నిమ్మరసముతో గాని ఎన్నడును కలుపరాదు. కలిపినచో షీలే చూచిన ఆ పసుపుపచ్చని వాయువే స్నానపుగదిలో పుట్టును. అమ్మోనియాతో కలుపుటయు అంతే అపాయము.

ఏలూరు తివాచీ వంటి ఉన్ని తివాచీకి పెర్‌కార్బొనేటు కూడ వద్దు, దాని క్షారము ఉన్నికి పడదు. మందుల అంగడిలో దొరకు 3 శాతపు పెరాక్సైడును ముందుగా తివాచీ మూలన, కనబడని చోట ఒక చుక్క వేసి, ఒక గంట తరువాత చూడవలెను. తివాచీ రంగు చెదరనిచో దూదితో మరకపై కొంచెము కొంచెముగ అద్ది, చన్నీటితో తుడిచి, నీడలో ఆరనీయవలెను. రంగు చెదరినచో అక్కడితో ఆపి, తివాచీలు శుభ్రము చేయుట వృత్తిగా గలవారిచేతికి దానిని అప్పగించవలెను.